మోకాలి అరుగుదల, చదునైన పాదం: కర్రీ పాయింట్ నడిపే ఒక మహిళ కేసు

మోకాలి నొప్పితో వచ్చినవారి పాదాలు చూడకుండా చికిత్స మొదలుపెట్టకూడదు. పాదం చదునుగా ఉందని తేలగానే దాని కింద ఎత్తు పెట్టించడం కూడా తగదు. విజయవాడ సూర్యారావుపేటలో ఫిజియోథెరపిస్టుగా రోజంతా మోకాళ్ల నొప్పుల వారినే చూస్తుంటాను కాబట్టి, ఈ రెండు మాటలూ మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు పదే పదే చెబుతుంటాను. ఆ రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపించిన కేసు ఇది. రోగి అనుమతితో రాస్తున్నాను. పేరు, ఆమెను గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం లేదు.

రోగి, ఆమె పని

ఆవిడ వయసు 57 ఏళ్లు. ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, బీఎంఐ 31 దాటింది. ఆరేళ్లుగా మధుమేహం ఉంది, మాత్రలు వాడుతున్నారు. మొదటిసారి వచ్చినప్పుడు చూపించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష) 7.4. భర్తతో కలిసి వన్‌టౌన్‌లో కర్రీ పాయింట్ నడుపుతారు. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండున్నర దాకా కాళ్లమీదే ఉంటారు. పప్పు, రెండు వేపుళ్లు, ఒక పులుసు, సాంబారు, రోటి పచ్చడి పదకొండింటికల్లా సిద్ధం కావాలి. తర్వాత ప్యాకెట్లు కట్టడం. సాయంత్రం మళ్లీ రెండు మూడు గంటలు. ఈ నిలబడటమంతా ఉత్త కాళ్లతో, తడిసిన గ్రానైట్ గచ్చు మీద. మధ్యలో కూర్చునేది కూరగాయలు తరగడానికి మాత్రమే. అదీ కత్తిపీట ముందు, కుడి మోకాలు పూర్తిగా మడిచి.

మూడేళ్లుగా కుడి మోకాలి లోపలివైపు నొప్పి. ఏడాదిగా ఎడమ మోకాలు కూడా కొద్దిగా మొదలైంది. పొద్దున లేవగానే బిగుసుకుని ఉంటుంది, నాలుగడుగులు వేస్తే పది నిమిషాల్లో సర్దుకుంటుంది. మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి 7, మధ్యాహ్నం దుకాణం సర్దేసరికి అదే 7, కూర్చున్నప్పుడు 2. రాత్రి నిద్రకు ఇబ్బంది లేదు. మోకాలు పట్టేయడం, జ్వరం, ఒక్కసారిగా వాపు లాంటివి లేవు. ఎముకల డాక్టరు గారు నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. ఇది చాలా ముఖ్యం. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో బరువు పడదు కాబట్టి ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అరుగుదలను ఎక్స్‌రేలో 0 నుంచి 4 వరకు లెక్కించే, 1957 నుంచి వాడుకలో ఉన్న కెల్‌గ్రెన్ లారెన్స్ కొలమానంలో కుడి మోకాలు గ్రేడ్ 3, ఎడమది గ్రేడ్ 2. రెండింటిలోనూ అరుగుదల లోపలి భాగంలోనే. పూతమందు, అవసరమైతే నొప్పి మాత్ర, వ్యాయామం రాసి నా దగ్గరికి పంపారు.

"గుజ్జు మొత్తం అరిగిపోయింది, ఇక ఆపరేషన్ తప్పదట కదా బాబూ" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వ్యాయామం నేర్పితే ఎవరూ చేయరు. అరిగిన మోకాలిని వాడితే ఇంకా అరుగుతుందన్న భయం ఉన్న మనిషి కాలు కదపడానికి కూడా జంకుతుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ నొప్పికీ నేరుగా లెక్క కుదరదని, గ్రేడ్ 3 ఉండి హాయిగా నడిచేవారున్నారని, గ్రేడ్ 2తోనే కుంటేవారూ ఉన్నారని, కండరాల బలం, బరువు, పని తీరు మారితే నొప్పి తగ్గే అవకాశం బాగా ఉందని వివరించాను. ఆపరేషన్ అనే తలుపు ఎటూ మూసుకుపోదని కూడా చెప్పాను.

రెండో సంగతి అప్పుడు బయటపడింది. అంతకు ఆరు నెలల ముందు ఒక దుకాణంలో తడి పాదం ముద్ర తీసి "మీది ఫ్లాట్ ఫుట్, అందుకే మోకాలు పోయింది" అని చెప్పి, వంపు దగ్గర గట్టి ఎత్తు (ఆర్చ్) ఉన్న ఇన్‌సోల్స్, అంటే బూట్ల లోపల వేసుకునే అట్టలు, ఇచ్చారు. కొడుకు బూట్లు కొనిచ్చాడు. వాటిలో ఇన్‌సోల్స్ వేసుకుని పొద్దున్నే కాలువ గట్టు మీద నడక మొదలుపెట్టారు. రెండు వారాల్లో మోకాలి లోపలివైపు నొప్పి ఇంకా పెరిగింది. ఇన్‌సోల్స్ అటకెక్కాయి. వాటితో పాటు నడక కూడా ఆగిపోయింది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఈ రెండోదే.

పరీక్షలో కనిపించినవి

కింద నుంచి పైకి చూస్తాను, అది నా అలవాటు. ముందు చెప్పులు. ఆవిడ వేసుకొచ్చిన హవాయి జోడులో కుడిదాన్ని తిరగేస్తే మడమ దగ్గర లోపలి అంచు గీతలు పూర్తిగా చెరిగిపోయి నున్నగా ఉంది. బయటి అంచున గీతలు ఇంకా తెలుస్తున్నాయి. పైభాగంలో పాదం ముద్ర నల్లగా, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా పడి ఉంది. ఎడమ చెప్పులో మధ్యన వేలెడు వెడల్పు లేత రంగు మిగిలింది. మామూలుగా మడమ బయటి అంచు ముందు అరుగుతుంది. లోపలి అంచు ముందు అరిగిందంటే ఆ పాదం లోపలికి ఒరుగుతోందన్న అనుమానం రావాలి. నిర్ధారణకు మాత్రం అది చాలదు.

పాదం భంగిమను కొలవడానికి నేను వాడేది ఫుట్ పోశ్చర్ ఇండెక్స్. దీనికి యంత్రం అక్కర్లేదు. మనిషి రెండు కాళ్ల మీద మామూలుగా నిలబడితే చాలు. చీలమండలో ఉండే టాలస్ ఎముక తల చేతికి ఏ వైపు తగులుతోంది, చీలమండ బయటి ఎముకకు పైనా కిందా వంపులు ఎలా ఉన్నాయి, మడమ ఎటు వాలింది, పాదం లోపలి అంచున ఉబ్బు ఉందా, వంపు ఎంత దిగింది, వెనక నుంచి చూస్తే చిటికెన వేలి వైపు ఎన్ని వేళ్లు కనిపిస్తున్నాయి, ఇలా ఆరు అంశాలు చూసి ఒక్కోదానికి -2 నుంచి +2 వరకు అంకె వేస్తాం. మొత్తం 0 నుంచి +5 అయితే మామూలు పాదం, +6 నుంచి +9 అయితే లోపలికి ఒరిగిన పాదం, ఆ పైన అయితే బాగా ఒరిగినట్టు. ఆవిడ కుడి పాదం +8, ఎడమ పాదం +5. కూర్చున్నప్పటికీ నిలబడినప్పటికీ, పాదం లోపలి వంపు దగ్గర ఉండే నావిక్యులర్ ఎముక కుడివైపు 13 మిల్లీమీటర్లు దిగింది, ఎడమవైపు 8. పది దాటితే ఎక్కువ అని సాధారణంగా లెక్క.

ఈ చదును బిగుసుకుపోయినదా, సాగేదా అన్నది తర్వాతి ప్రశ్న. నిలబడి ఉండగా బొటనవేలిని పైకి ఎత్తితే వంపు తిరిగి లేచింది. మునివేళ్ల మీద లేవమంటే మడమ లోపలికి తిరిగింది. అంటే పాదం వంపును నిలబెట్టే టిబియాలిస్ పోస్టీరియర్ స్నాయువు తెగిపోలేదు, పాదం గట్టిపడలేదు. కానీ ఒంటికాలి మీద మడమ ఎత్తడం కుడివైపు 4 సార్లతో ఆగిపోయింది, ఎడమవైపు 11 సార్లు చేయగలిగారు. పిక్క కూడా బిగుతుగానే ఉంది. గోడ ముందు నిలబడి, మడమ ఎత్తకుండా మోకాలు గోడకు తగిలించే పరీక్షలో కుడి పాదం గోడకు 5 సెంటీమీటర్ల దూరం మించి వెనక్కి వెళ్లలేదు. మధుమేహం ఉంది కాబట్టి 10 గ్రాముల మోనోఫిలమెంటుతో (స్పర్శ చూసే సన్నటి నైలాన్ పోగు) అరికాళ్ల స్పర్శ చూశాను, అన్నిచోట్లా తెలుస్తోంది. స్పర్శ తగ్గిన కాలికి గట్టి ఇన్‌సోల్ ఇస్తే పుండు పడినా తెలియదు. మన ప్రాంతంలో మధుమేహం ఇంత విరివిగా ఉన్నప్పుడు ఈ రెండు నిమిషాల పరీక్ష చేయకుండా కాలి కింద ఏదీ పెట్టకూడదు.

ఇక మోకాళ్లు. చీలమండలు తాకించి నిలబడితే మోకాళ్ల మధ్య 5 సెంటీమీటర్ల ఖాళీ. దొడ్డికాళ్లు. చిన్నప్పటి నుంచీ కొద్దిగా ఉండేవని, ఈ మధ్య కుడికాలు మరింత వంగిందని ఆవిడే చెప్పారు. నడిచేటప్పుడు ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా ఆడించి చూస్తే, కుడికాలి మీద బరువు పడిన క్షణంలో మోకాలు బయటికి చిన్నగా ఉలిక్కిపడుతోంది. ఈ కదలిక ఉన్న మోకాళ్లలో అరుగుదల ముదిరే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని 2004లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. కాబట్టి కేసు షీట్‌లో రాయకుండా వదలను. కుడి పాదం వేళ్లు బయటికి తిప్పి నడుస్తున్నారు. తొడ ముందు కండరాలు, తుంటి పక్క కండరాలు రెండువైపులా బలహీనం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 7 సార్లు. అరవై దాటిన మహిళలే సాధారణంగా 12 నుంచి 17 సార్లు లేవగలరు.

ఏది కారణం, ఏది సర్దుబాటు

చదునైన పాదానికీ మోకాలి అరుగుదలకూ సంబంధం ఉందా? ఉంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ పట్టణ జనాభాపై 2011లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 1,900 మంది పెద్దవయసు వారిని చూశారు. బాగా చదునైన పాదాలున్న వారిలో మోకాలి నొప్పి ఉండే అవకాశం 1.3 రెట్లు, మోకాలి లోపలి భాగంలో మృదులాస్థి (గుజ్జు) దెబ్బతిని ఉండే అవకాశం 1.4 రెట్లు అని తేలింది. 2010లో ఆస్ట్రేలియాలో జరిగిన మరో అధ్యయనం కూడా లోపలి భాగం అరిగినవారి పాదాలు ఎక్కువగా లోపలికి ఒరిగి ఉన్నాయని చూపింది. అయితే ఇవన్నీ ఒకే సమయంలో పాదాన్నీ మోకాలినీ చూసిన అధ్యయనాలు. ఏది ముందు వచ్చిందో ఇవి చెప్పవు. 1.3, 1.4 రెట్లంటే అంత పెద్ద తేడా కూడా కాదు. దుకాణంలో చెప్పిన "అందుకే మోకాలు పోయింది" అన్న మాటకు ఈ అంకెల్లో ఆధారం లేదు.

పాదం లోపలికి ఒరిగితే దానితో పాటు ముంగాలి ఎముక కూడా లోపలికి తిరుగుతుంది. ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. ఇది కింది నుంచి పైకి వెళ్లే దారి. పై నుంచి కిందికి వచ్చే దారి ఇంకొకటుంది, ఈ కేసులో నాకు బలంగా కనిపించింది అదే. దొడ్డికాళ్లున్నవారి ముంగాలి ఎముక నిటారుగా ఉండదు, పైభాగం బయటికీ కింది భాగం లోపలికీ వాలి ఉంటుంది. పాదం ఆ వాలులోనే నేలను తాకితే బయటి అంచు మీదే నిలబడాలి. బొటనవేలి వైపు నేలకు ఆనాలంటే మడమ కీలు లోపలికి ఒరగక తప్పదు. ఒరిగితే వంపు చదునవుతుంది. అంటే మోకాలి వంకరకు పాదం చేసుకున్న సర్దుబాటే చదును పాదంగా కనిపిస్తోంది. వేళ్లు బయటికి తిప్పి నడవడం కూడా అలాంటి సర్దుబాటే. అడుగు చివరి దశలో మోకాలి లోపలి భాగంపై భారం దానివల్ల కొంత తగ్గుతుంది.

అలాంటి పాదం కింద లోపలివైపు గట్టిగా ఎత్తు పెడితే ఏమవుతుంది? పాదం నిటారవుతుంది, కానీ బరువు గీత మోకాలికి ఇంకా లోపలివైపు జరుగుతుంది. 2008లో ఆరోగ్యవంతులపై జరిగిన ప్రయోగంలో ఆర్చ్ సపోర్టు పెట్టుకుని నడిచినప్పుడు మోకాలిని దొడ్డికాలు వైపు వంచే బలం 6 శాతం దాకా పెరిగింది. ఆవిడ ఇన్‌సోల్స్ అనుభవానికి ఇదొక్కటే కారణమని నేను అనను. అప్పటిదాకా నడక అలవాటు లేని మనిషి ఒక్కసారిగా రోజూ నడవడం మొదలుపెట్టినా నొప్పి పెరుగుతుంది. కానీ కేసు వివరాలు, కాలి యాంత్రికత రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

మరి బయటివైపు ఎత్తు పెడితే? సిద్ధాంతం ప్రకారం అది లోపలి భాగం భారాన్ని తగ్గించాలి. కొలిస్తే కొద్దిగా తగ్గుతుంది కూడా. కానీ 2011లో 200 మందిపై ఏడాది పాటు జరిగిన ప్రయోగంలో బయటివైపు 5 డిగ్రీల ఏటవాలు ఉన్న ఇన్‌సోల్స్, మామూలు చదును ఇన్‌సోల్స్ కంటే నొప్పిలో గానీ మృదులాస్థి విషయంలో గానీ ఎక్కువ మేలు చేయలేదు. పైగా ముందే లోపలికి ఒరిగిన పాదాన్ని అది ఇంకా ఒరగేస్తుంది.

పుస్తకం ఎటు చెప్పినా, ఎదురుగా ఉన్న మోకాలిని అడగడం మంచిది. 15 సెంటీమీటర్ల మెట్టు మీద కుడికాలితో నిలబడి ఎడమకాలు నెమ్మదిగా కిందికి దించమన్నాను. ఉత్త కాలితో నొప్పి 6. లోపలివైపు గట్టి ఎత్తు పెడితే 7. బయటివైపు ఏటవాలు పెడితే 4, కానీ చీలమండ లోపలివైపు లాగుతోందన్నారు. పాదమంతా పరుచుకునే మెత్తటి అట్ట, వంపు దగ్గర నామమాత్రపు ఆసరా పెడితే 4, ఇంకెక్కడా ఇబ్బంది లేదు. ఐదు నిమిషాల పరీక్ష ఇది. ఏ పక్షపాతమూ లేని ప్రయోగం కాదు. కానీ ఏది వద్దో తేల్చుకోవడానికి సరిపోయింది.

చికిత్స, వంటిల్లు

పాదాన్ని నిటారు చేయడం మా లక్ష్యాల్లో లేదని ముందే రాసుకున్నాను. ఆ పాదం మోయగలిగే బలం పెంచడం, రోజుకు పది గంటలు దాని మీద పడే పని తగ్గించడం, తొడ, తుంటి కండరాలను తయారు చేయడం, బరువు మెల్లగా దించడం, ఇవీ లక్ష్యాలు. మందులు, మధుమేహం డాక్టర్ల చేతిలోనే ఉన్నాయి.

చెప్పుల దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఇక్కడ పరిశోధనల్లోనే ఒక చిక్కు ఉంది. మోకాలి అరుగుదల ఉన్నవారు ఉత్త కాళ్లతో నడిస్తే, సొంత బూట్లతో నడిచినప్పటి కంటే లోపలి భాగం భారం సుమారు 12 శాతం తగ్గిందని 2006లో కొలిచారు. హవాయి చెప్పుల లాంటి పలచటి చెప్పులతోనూ భారం తక్కువేనని 2010లో తేలింది. దీన్ని బట్టి మన అలవాట్లే మోకాలికి మంచివనిపిస్తుంది. కానీ 2021లో ఆస్ట్రేలియాలో 164 మంది రోగులకు ఆరు నెలలు బూట్లు ఇచ్చి చూసిన ప్రయోగంలో, పలచటి మెత్తటి బూట్ల కంటే గట్టి ఆసరా ఉన్న బూట్లు వేసుకున్నవారికే నడిచేటప్పటి నొప్పి ఎక్కువగా తగ్గింది. ప్రయోగశాలలో కొలిచే భారం వేరు, రోజూ అనుభవించే నొప్పి వేరు అని అర్థం. రోగి నా దగ్గరికి వచ్చేది నొప్పితో కాబట్టి నేను రెండో ప్రయోగం వైపే మొగ్గాను. అందులోనూ వీరు నడిచేది తక్కువ, రాతి గచ్చు మీద కదలకుండా నిలబడేది ఎక్కువ.

"వంటింట్లోకి చెప్పులతో ఎలా వెళ్లమంటారు బాబూ? పొయ్యి పక్కనే అన్నపూర్ణమ్మ పటం ఉంది." ఈ అభ్యంతరాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే చికిత్సకులంటే నాకు కోపం. ఆవిడ వంట చేసే తీరు ఆవిడ గౌరవం. ఆ గౌరవం దెబ్బతినే సలహా ఇస్తే ఇక్కడ తలూపి ఇంటికెళ్లి మానేస్తారు. మాట్లాడగా మాట్లాడగా ఆవిడే దారి చెప్పారు. పొద్దున దీపం పెట్టి దండం పెట్టుకునేదాకా ఉత్త కాళ్లే. ఆ తర్వాత వీధి మొహం చూడని కొత్త జోడు ఒకటి, వంటింటి కోసమే. తడి నేల మీద జారని అడుగు, వెనక పట్టీ, కడిగితే ఆరిపోయే రబ్బరు, ఈ మూడూ ఉండాలని చెప్పాను. బయటికి వెళ్లడానికి మడమ చుట్టూ గట్టిగా పట్టుకునే శాండల్స్ వేరే. వాటిని బిసెంట్ రోడ్డులో కొన్నారు. కొనేముందు దుకాణంలోనే మూడు పనులు చేయమన్నాను. మడమ భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే లొంగకూడదు. వంచితే వేళ్ల దగ్గరే వంగాలి, నడిమధ్యలో కాదు. తడిబట్ట పిండినట్టు మెలిపెడితే మెలిక తిరగకూడదు. ఇన్‌సోల్ విడిగా ఇవ్వలేదు. శాండల్‌లోనే ఉన్న తక్కువ వంపు సరిపోయింది.

పనిలో మార్పులు మందుకంటే ముఖ్యమని నేను నమ్ముతాను. ప్యాకెట్లు కట్టే చోట ఎత్తు స్టూలు వేశారు, సగం కూర్చుని సగం నిలబడే ఎత్తు. పొయ్యి దగ్గర మందపాటి రబ్బరు చాప పరిచారు. దాని పక్కన ఒక చిన్న పీట, ఒక్కో కాలు మార్చి మార్చి పెట్టుకోవడానికి. కత్తిపీట పూర్తిగా మానేయమనలేదు, ఆవిడ చేతికి చాకు అలవాటు లేదు. కత్తిపీటనే ఒక బల్ల మీద బిగించారు, భర్త ఆలోచన అది. ఇప్పుడు కుర్చీలో కూర్చుని తరుగుతున్నారు. మోకాలు మడవాల్సిన పని పోయింది.

వ్యాయామాలు కొన్నే ఇచ్చాను. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నాలుగు వారాల తర్వాత చేతిలో రెండు కిలోల పప్పు ప్యాకెట్ పట్టుకుని. మెట్టు ఎక్కి దిగడం, ముందు 10 సెంటీమీటర్లు, తర్వాత 15. పక్కకు పడుకుని కాలు ఎత్తడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, ముందు రెండు కాళ్లతో లేచి, దిగేటప్పుడు కుడికాలితో మాత్రమే. వేళ్లు ముడవకుండా బొటనవేలి మొదలును మడమ వైపు లాగి వంపు లేపే చిన్న కసరత్తు, ప్యాకెట్లు కడుతూ కూడా చేసుకోవచ్చు. గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయడం. బలం పెంచేవి వారానికి మూడు రోజులు, పాదం, పిక్కల పని రోజూ. చేసేటప్పుడు నొప్పి పదికి 4 దాకా వచ్చినా ఫరవాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే తర్వాతి సారి సగం చేయాలి. ఈ సూత్రం తెలిశాక ఆవిడకు భయం తగ్గింది. నడక మళ్లీ మొదలైంది, పది నిమిషాలతో.

పన్నెండు వారాలకు

జూన్‌లో మొదలుపెట్టాం. సెప్టెంబరులో తిరిగి కొలిచాం. మెట్లు దిగేటప్పుడు నొప్పి 7 నుంచి 3కు, దుకాణం సర్దే వేళకు 7 నుంచి 4కు దిగింది. ముప్ఫై సెకన్లలో కుర్చీ నుంచి లేవడం 7 నుంచి 11కు, కుడి ఒంటికాలి మడమ ఎత్తడం 4 నుంచి 10కి పెరిగింది. గోడ పరీక్షలో దూరం 5 నుంచి 7 సెంటీమీటర్లయింది. బరువు 71 కిలోలు. ఒక్కో అడుగులో మోకాలి మీద పడే భారం శరీరం తగ్గిన బరువుకు నాలుగు రెట్లు తగ్గుతుందని 2005 నాటి అధ్యయనం ఒకటి చెబుతుంది కాబట్టి, ఈ మూడు కిలోలు చిన్నవేమీ కావు. నడక అరగంటకు చేరింది.

ఇక పాదం. కుడి ఫుట్ పోశ్చర్ ఇండెక్స్ +8 నుంచి +7. నావిక్యులర్ దిగుదల 13 నుంచి 12 మిల్లీమీటర్లు. ఇవి చేత్తో కొలిచేటప్పుడు ఎటూ వచ్చే తేడాలే, మార్పుగా లెక్కించను. మోకాళ్ల మధ్య ఖాళీ అలాగే ఉంది. అంటే పాదం చదును పోకుండానే మెట్లు దిగేటప్పటి నొప్పి సగానికి పైగా తగ్గింది. మోకాలు బయటికి ఉలిక్కిపడటం వీడియోలో తక్కువగా కనిపించింది, కానీ కంటితో చూసి చెప్పే మాట కాబట్టి దాని మీద ఎక్కువ బరువు పెట్టను.

దసరా నాటికి అసలైన పరీక్ష వచ్చింది. నవరాత్రుల్లో ఊరంతా యాత్రికులే, కర్రీ పాయింట్‌కు గిరాకీ రెట్టింపు. పైగా ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కి అమ్మవారిని చూడాలన్నది ఆవిడ మొదటి రోజే చెప్పిన కోరిక. అక్కడ శాండల్స్ కింద విడవాల్సిందే. ఉత్త కాళ్లతో, గుంపులో, రాతి మెట్ల మీద. అందుకే ఆగస్టు నుంచే క్లినిక్‌లో మెట్ల సాధన సగం చెప్పులతో, సగం ఉత్త కాళ్లతో చేయించాను. ఎక్కేటప్పుడు ఎడమకాలు ముందు, దిగేటప్పుడు కుడికాలు ముందు, చెయ్యి ఎప్పుడూ పట్టు కడ్డీ మీద. పాదాన్ని ఎప్పుడూ చెప్పు ఆసరాతోనే ఉంచితే మన జీవితాలకు సరిపోదు. గుడిలో, పూజలో, చుట్టాలింట్లో ఉత్త కాళ్లు తప్పవు, ఆ పాదానికి సొంత బలం కావాలి. పండగ రద్దీ తగ్గిన రోజున తెల్లవారుజామునే వెళ్లి ఎక్కి వచ్చారు. గిరాకీ వల్ల ఆ పది రోజుల్లో మధ్యాహ్నపు నొప్పి 6 దాకా పెరిగింది. వ్యాయామం సగానికి తగ్గించి, స్టూలు వాడకం పెంచితే రెండు వారాల్లో మళ్లీ 4కు వచ్చింది.

ఈ కేసు దేన్ని చూపుతుంది

చెప్పులు, స్టూలు, బరువు, కండరాల బలం, భయం పోవడం అన్నీ ఒకేసారి మారాయి. వీటిలో దేని వాటా ఎంతో విడదీయడం ఒక్క కేసులో సాధ్యం కాదు. నా అంచనా అడిగితే తొడ కండరాల బలం, నిలబడే గంటలు తగ్గడం ఈ రెండింటికీ ఎక్కువ పేరు ఇస్తాను, చెప్పులకు మూడో స్థానం. గట్టి ఆర్చ్ తీసేయడం వల్లే మేలు జరిగిందని కూడా అనను. ఆవిడ నా దగ్గరికి రాకముందే దాన్ని మానేశారు.

కానీ ఇన్‌సోల్స్ అమ్మకం మన ఊళ్లలో జరుగుతున్న తీరు గురించి చెప్పాల్సింది ఉంది. తడి ముద్ర ఒక్కటే చూసి కాలి కింద ఏం పెట్టాలో నిర్ణయించలేం. మోకాలు ఎటు వంగింది, అరుగుదల లోపలి భాగంలోనా బయటి భాగంలోనా, పాదం సాగేదా గట్టిదా, స్పర్శ ఉందా, ఈ నాలుగూ తెలియాలి. మోకాళ్లు లోపలికి తగిలే కాళ్లలో, బయటి భాగం అరిగినవారిలో, లెక్క తారుమారవుతుంది. అక్కడ లోపలివైపు ఆసరా మేలు చేయవచ్చు. చిన్నప్పటి నుంచి చదును పాదాలుండి ఏ నొప్పీ లేనివారికి ఏమీ పెట్టనక్కర్లేదు. ఒక్క పాదమే, పెద్దవయసులో, కొద్ది నెలల్లో చదునైపోతూ చీలమండ లోపలివైపు వాచిందంటే మాత్రం అది వేరే జబ్బు. స్నాయువు పాడవుతోందేమోనని వెంటనే ఎముకల డాక్టరుకు చూపించాలి.

ప్రస్తుతం ఆవిడ నెలకొకసారి వస్తున్నారు. ఎడమ మోకాలికి కూడా అదే బలం పెంచే క్రమం నడుస్తోంది, ఎడమ పాదానికి ప్రత్యేకంగా ఏమీ చేయడం లేదు. బరువు 68కి తేవాలన్నది తర్వాతి లక్ష్యం. రాత్రి నొప్పితో మెలకువ రావడం, మోకాలు పట్టేయడం, పావుగంట కూడా నడవలేకపోవడం, ఇంత చేస్తున్నా దొడ్డికాలు ఇంకా పెరగడం, వీటిలో ఏది కనిపించినా మళ్లీ నిలబడి ఎక్స్‌రే తీయించుకుని ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాలని ఆవిడ పుస్తకంలో రాసిచ్చాను. అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తే, బలమైన తొడ కండరాలతో వెళ్లిన మనిషి తర్వాత కోలుకోవడం కూడా తేలికవుతుంది.